నేను ఎంచుకున్న సబ్జెక్టు పట్టికలో అట్టడుగున ఉంది

ప్రశ్న: నాకు పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ మొదటి సంవత్సరం ముగియవస్తోంది. వచ్చే నెలలోగా ప్రధాన సబ్జెక్టు ఏదో రాసి ఇవ్వాలి. చిన్నపిల్లలకు చదువు చెప్పడమంటే నాకు ఇష్టం కాబట్టి విద్యాశాస్త్రం తీసుకోవాలనుకున్నాను. ఈలోగా మా అన్నయ్య ఒక పట్టిక చూపించాడు. అందులో సబ్జెక్టులను సగటు ఐక్యూ ప్రకారం పేర్చారు. పైన ఫిజిక్స్, గణితం, తత్వశాస్త్రం ఉన్నాయి. అట్టడుగున విద్యాశాస్త్రం, సోషల్ వర్క్ ఉన్నాయి. అన్నయ్య చదివేది ఫిజిక్స్. "ఇంకేదీ చేతకానివాళ్ళు తీసుకునే సబ్జెక్టు నీకెందుకు? ఫిజిక్స్‌కైతే పుట్టుకతో వచ్చిన బుర్ర కావాలి, కనీసం ఎకనామిక్స్ అయినా తీసుకో" అంటున్నాడు. ప్రవేశ పరీక్షలో నాకు భాషా విభాగంలో 93వ పర్సెంటైల్, గణితంలో 79వ పర్సెంటైల్ వచ్చాయి. లెక్కల్లో నేను మొద్దునే. నా ప్రశ్నలు రెండు. ఈ సబ్జెక్టు తీసుకుంటే నాకు తెలివి తక్కువని నేనే ఒప్పుకున్నట్టా? అక్కడ నాలుగేళ్ళు చదివితే ఉన్న తెలివి కూడా మొద్దుబారిపోతుందా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మిమ్మల్ని ఊరడించడం కోసం ఆ పట్టిక శుద్ధ అబద్ధమని చెప్పను. దాని వెనక ఉన్న తేడాలు కల్పితం కావు. అమెరికాలో పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షనే తీసుకోండి. ఏ సబ్జెక్టులోకి వెళ్ళాలనుకుంటున్నారో అభ్యర్థులు నమోదు చేస్తారు, దాని ప్రకారం సగటు స్కోర్లు ప్రచురిస్తారు. గణిత విభాగంలో ఫిజిక్స్, గణితం, ఇంజనీరింగ్ వైపు వెళ్ళేవారు ముందుంటారు. భాషా విభాగంలోనూ వ్యాస రచనలోనూ తత్వశాస్త్రం వాళ్ళు ముందుంటారు. విద్యాశాస్త్రం, సోషల్ వర్క్ వైపు వెళ్ళేవారి సగటు తక్కువగా ఉంటుంది. ఏళ్ళు గడిచినా ఈ వరస పెద్దగా మారలేదు.

ఈ పరీక్షలకూ తెలివికీ సంబంధమే లేదని కొట్టిపారేయడం కూడా కుదరదు. 2004లో ఫ్రే, డెటర్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో డిగ్రీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షలో ఒకే విద్యార్థులకు వచ్చిన స్కోర్లనూ, సాధారణ ప్రజ్ఞను కొలిచే పరీక్షల ఫలితాలనూ పోల్చి చూస్తే సహసంబంధం 0.82 దాకా వచ్చింది. ఈ కొలతలో 1 వస్తే రెండూ అచ్చంగా కలిసి నడుస్తున్నట్టు. 2007లో ఇయన్ డియరీ బృందం ఇంగ్లండులో 70,000 మందికి పైగా పిల్లలకు 11వ ఏట వచ్చిన ప్రజ్ఞా పరీక్షల ఫలితాలనూ, 16వ ఏట వాళ్ళు రాసిన స్కూలు పరీక్షల మార్కులనూ పోల్చింది. గణితం మార్కుల్లోని హెచ్చుతగ్గుల్లో 58.6 శాతం ముందరి ప్రజ్ఞా పరీక్షతోనే ముడిపడి ఉంది. ఇంగ్లీషులో అది 48 శాతం, చిత్రకళ, డిజైన్‌లో 18.1 శాతం. అంటే ఇలాంటి పరీక్షలు పట్టుకునే తెలివి కొన్ని సబ్జెక్టుల మార్కుల్లో ఎక్కువగా బయటపడుతుంది, కొన్నింటిలో తక్కువగా. ఇక్కడిదాకా మీ అన్నయ్యకు అభ్యంతరం ఉండదు. నాకూ లేదు. ఆ పైన ఆయన వేసిన అడుగుతోనే పేచీ.

అసలు ఆ పట్టికను తయారుచేయడానికి ఎవరైనా ఫిజిక్స్ వాళ్ళనూ విద్యాశాస్త్రం వాళ్ళనూ కూర్చోబెట్టి ఐక్యూ పరీక్ష పెట్టారా? సాధారణంగా ఇలాంటి పట్టికలు పుట్టే తీరు వేరు. జీఆర్‌ఈ లాంటి పరీక్షలో సబ్జెక్టులవారీ సగటు స్కోర్లు తీసుకుంటారు, భాషా స్కోరునూ గణితం స్కోరునూ కలిపేస్తారు, వచ్చిన మొత్తాన్ని ఒక సూత్రంలో వేసి ఐక్యూగా మారుస్తారు. చివరికి "ఐక్యూ 126" అని దశాంశం కూడా లేకుండా నున్నగా ఒక అంకె తేలుతుంది. చూసేవాళ్ళకు అది డాక్టరు రాసిచ్చిన రిపోర్టులా కనిపిస్తుంది.

ఈ కూడికలోనే ఒక తిరకాసు ఉంది. సబ్జెక్టుకూ సబ్జెక్టుకూ మధ్య గణితం స్కోర్లలో ఉండే దూరం ఎక్కువ, భాషా స్కోర్లలో ఉండే దూరం తక్కువ. రెండూ కలిపితే మొత్తం వరసను నిర్ణయించేది చాలావరకు గణితమే. కాబట్టి "తెలివి ప్రకారం సబ్జెక్టులు" అని తలకట్టు పెట్టిన ఆ పట్టికను "స్కూలు స్థాయి గణితం ఎంత తాజాగా ఉంది అన్నదాని ప్రకారం సబ్జెక్టులు" అని చదువుకున్నా పెద్ద తప్పు ఉండదు. జీఆర్‌ఈ గణితం పెద్ద గణితమేమీ కాదు. అంకగణితం, బీజగణితం, జ్యామితి, గ్రాఫులు చదవడం, అంతే. ఇంజనీరింగ్ విద్యార్థికి నాలుగేళ్ళూ అవి చేతిలోనే ఉంటాయి. పిల్లల మనస్తత్వం చదివినవాళ్ళు వాటిని ముట్టుకుని అయిదేళ్ళు దాటి ఉంటుంది.

భాషా స్కోరు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంజనీరింగ్, కంప్యూటర్ కోర్సుల కోసం ఆ పరీక్ష రాసేవారిలో ఇంగ్లీషు మాతృభాష కానివారు పెద్ద సంఖ్యలో ఉంటారు. వాళ్ళ భాషా స్కోరు సగటు తగ్గితే, తగ్గింది ఇంగ్లీషు పరిచయమా, తెలివా? పట్టిక తయారుచేసినవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోలేదు. పైగా పరీక్షకు ఎవరు కూర్చున్నారన్నది కూడా చూడాలి. లా చదవాలనుకునేవారు చాలామంది ఎల్‌సాట్ రాస్తారు, వైద్యానికి ఎంక్యాట్, వ్యాపార నిర్వహణకు జీమ్యాట్. ఆ సబ్జెక్టుల్లోంచి ఈ పరీక్షకు వచ్చేవారు మొత్తానికి ప్రతినిధులు కారు. డిగ్రీతో ఆగిపోయి బడిలో చేరిన టీచర్లు అసలు ఈ లెక్కలోకే రారు.

ఇంత వడపోసినా తేడాలు పూర్తిగా మాయమవుతాయని అనను. సరే, తేడా ఉందనే అనుకుందాం. రెండు సబ్జెక్టుల సగటుల మధ్య ఐక్యూ కొలతలో ఏడెనిమిది పాయింట్ల తేడా ఉందనుకోండి. ఐక్యూ పరీక్షల్లో సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15. రెండు సబ్జెక్టుల్లోనూ విద్యార్థుల స్కోర్లు ఇదే తీరుగా పరచుకుని ఉన్నాయనుకుని, కళ్ళు మూసుకుని అటు నుంచి ఒకరినీ ఇటు నుంచి ఒకరినీ జతగా పిలవండి. అలా వంద జతలు పిలిస్తే దాదాపు 36 జతల్లో "కింది" సబ్జెక్టు విద్యార్థికే స్కోరు ఎక్కువ ఉంటుంది. తేడా ఏకంగా 15 పాయింట్లయినా నూటికి సుమారు 24 జతల్లో అదే జరుగుతుంది. ఒక గుంపు సగటును పట్టుకుని అందులో ఒక మనిషి సంగతి తేల్చడం ఎంత ప్రమాదమో విలియం రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లోనే లెక్కలతో చూపించాడు. ఫిజిక్స్ వాళ్ళకు గణాంకాలు బాగా వచ్చు. మీ అన్నయ్యకు ఇది తెలియదని అనుకోను, చెల్లెలి దగ్గర గుర్తుకు రాలేదంతే.

మీకు ఎక్కువగా పనికొచ్చే సంగతి మాత్రం ఇది. ఆ వరస సబ్జెక్టు స్వభావంలోంచి పుట్టింది కాదు. ఎవరిని రానిచ్చారు, ఎవరు రావాలనుకున్నారు అన్నదాన్నిబట్టి పుట్టింది. మీ సబ్జెక్టే దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ.

ఫిన్లాండులో 1970ల్లో టీచర్ల శిక్షణను విశ్వవిద్యాలయాలకు అప్పగించారు. 1979 నుంచి ప్రాథమిక పాఠశాల టీచరుకు కూడా మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేశారు. ఆ తర్వాత అక్కడ ప్రాథమిక విద్య కోర్సులో సీటు దొరకడం గగనమైపోయింది. చాలా ఏళ్ళపాటు దరఖాస్తు పెట్టినవాళ్ళలో పది మందికి దాదాపు ఒకరికి దొరికేది. పాఠం అదే, పిల్లలూ అలాంటి పిల్లలే, నేర్పించాల్సింది అవే అక్షరాలు, అవే కూడికలు. అమెరికా పట్టికలో అడుగున కూర్చున్న సబ్జెక్టు ఫిన్లాండులో జనం పోటీపడి చేరే సబ్జెక్టు. విద్యాశాస్త్రంలోనే తెలివిని వికర్షించే గుణమేదో ఉంటే సరిహద్దు దాటగానే ఆ గుణం ఎలా పోయింది?

సరిహద్దు దాటనక్కర్లేదు కూడా, కాలం దాటితే చాలు. అమెరికాలోనే ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు బాగా చదివిన ఆడపిల్లకు తెరిచి ఉన్న తలుపులు కొన్నే. బడి, ఆసుపత్రిలో నర్సు పని, ఆఫీసులో టైపింగ్. పరీక్షల్లో అందరికన్నా ముందున్న అమ్మాయిలు కూడా పెద్ద సంఖ్యలో టీచర్లయ్యేవారు. 1960ల తర్వాత లా, వైద్యం, వ్యాపారం, పరిశోధన వాళ్ళకు అందుబాటులోకి వచ్చాయి. టీచర్ల జీతం మాత్రం వాటితో సమానంగా పెరగలేదు. అత్యధిక స్కోర్లు వచ్చిన అమ్మాయిల్లో బోధన వైపు వచ్చేవారి వాటా తగ్గింది. ఆర్థికవేత్తలు దీన్ని దశాబ్దాల వారీ లెక్కలతో చూపించారు. ఆ మధ్యలో విద్యాశాస్త్రం తెలివితక్కువ సబ్జెక్టుగా మారిపోలేదు. మారింది జీతాల లెక్క, తెరుచుకున్న తలుపులు. అది మంచి మార్పే, ఆడవాళ్ళకు తలుపులు మూసి బడులను బాగుచేసుకోవడం ఎవరికీ గర్వకారణం కాదు.

ఇందులో ఇంకొక చేదు నిజం ఉంది. టీచర్ల చదువుసంధ్యలు, ఆలోచనా పటిమ పిల్లల చదువు మీద ప్రభావం చూపిస్తాయి. హనుషెక్, పియోపియునిక్, వీడర్‌హోల్డ్ 2019లో 31 దేశాల టీచర్ల అక్షర, అంక నైపుణ్యాలను పోల్చి, అవి ఎక్కువగా ఉన్న దేశాల్లో విద్యార్థుల ఫలితాలూ మెరుగ్గా ఉన్నాయని చూపించారు. 93వ పర్సెంటైల్ తెచ్చుకున్న మీలాంటివాళ్ళు ఆ పట్టిక చూసి పక్కకు తప్పుకుంటే సగటు ఇంకా కిందికి దిగుతుంది. మరుసటి ఏడు పట్టిక ఇంకొకరిని భయపెడుతుంది. అలాగని సగటును పైకి లాగే బాధ్యత మీ నెత్తిన పెట్టడం లేదు. మీరు తీసుకోబోయేది మీ జీవితం గురించిన నిర్ణయం, ప్రపంచంలోని పట్టికల మరమ్మతు కాదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించిన వాక్యం. "లెక్కల్లో నేను మొద్దునే" అన్నారు. 79వ పర్సెంటైల్ అంటే ఆ పరీక్ష రాసిన ప్రతి వంద మందిలో సుమారు 79 మంది మీ వెనక ఉన్నారని. వాళ్ళంతా ఏమనుకోవాలి? మీకు మీరు మొద్దులా కనిపించడానికి రెండు కారణాలు ఊహించగలను. ఒకటి, ఇంట్లో పక్కన ఫిజిక్స్ చదివే అన్నయ్య ఉండటం. రెండోది మీకు తట్టి ఉండదు. హెర్బర్ట్ మార్ష్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1986లో దీని గురించి రాశాడు. విద్యార్థులు తమ లెక్కలను ఇతరుల లెక్కలతోనే పోల్చుకోరు, తమ భాషతో కూడా పోల్చుకుంటారు. భాషలో బాగా రాణించే పిల్లకు, లెక్కల్లో నిజంగా బాగున్నా, "నాది లెక్కల బుర్ర కాదు" అనిపిస్తుంది. మీ 79ని ఓడించింది వేరెవరో కాదు, మీ 93.

ఈ రెండు అంకెల మధ్య వాలు, అంటే ఎటు ఎక్కువ మొగ్గు ఉందన్నది మాత్రం గమనించదగ్గదే. 1971లో జూలియన్ స్టాన్లీ మొదలుపెట్టి, తర్వాత కామిల్లా బెన్‌బో, డేవిడ్ లుబిన్‌స్కీ దశాబ్దాల తరబడి కొనసాగిస్తున్న అధ్యయనంలో, చిన్ననాడే ఉన్నత స్కోర్లు వచ్చినవాళ్ళను పెద్దయ్యేదాకా గమనించారు. వాళ్ళు ఏ రంగంలో తేలారో చెప్పడానికి మొత్తం స్కోరు కన్నా దాని వాలు బాగా ఉపయోగపడింది. గణితం వైపు మొగ్గినవాళ్ళు విజ్ఞానశాస్త్రాల వైపు, భాష వైపు మొగ్గినవాళ్ళు సాహిత్యం, చరిత్ర, లా లాంటి వాటి వైపు ఎక్కువగా వెళ్ళారు. వాళ్ళందరూ తెలివైనవాళ్ళే. తేడా ఎంత అన్నదాంట్లో లేదు, ఎటు అన్నదాంట్లో ఉంది. ఇంకో కోణం కూడా చూడండి. 2013లో వాంగ్, ఎకల్స్, కెన్నీ ప్రచురించిన అధ్యయనంలో, గణితం, భాష రెండూ బాగా వచ్చినవాళ్ళు సైన్సు, ఇంజనీరింగ్ ఉద్యోగాల్లోకి వెళ్ళడం తక్కువ. గణితం బాగా వచ్చి భాష మధ్యస్థంగా ఉన్నవాళ్ళు వెళ్ళడం ఎక్కువ. రెండూ వచ్చినవాళ్ళకు దారులు ఎక్కువ కాబట్టి అలా జరిగిందని ఆ పరిశోధకుల వివరణ. ఆ రెండూ వచ్చిన గుంపులో అమ్మాయిలే ఎక్కువ. కాబట్టి ఫిజిక్స్ తీసుకోని ప్రతివాళ్ళూ ఫిజిక్స్ రాక తీసుకోలేదని అనుకోవడం అన్నయ్య తొందరపాటు.

ఆయన అన్న "పుట్టుకతో వచ్చిన బుర్ర" మాట ఊరికే వదిలేయదగ్గది కాదు. 2015లో సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ బృందం 30 శాస్త్ర విభాగాల్లోని 1,800 మందికి పైగా అధ్యాపకులనూ పరిశోధకులనూ ఒక ప్రశ్న అడిగింది. మీ సబ్జెక్టులో పైకి రావాలంటే నేర్పితే రాని ప్రత్యేక ప్రతిభ ఏదైనా ఉండాలా, లేక శ్రమిస్తే చాలా అని. "పుట్టుకతో ఉండాలి" అని గట్టిగా నమ్మే విభాగాల్లో ఆడవాళ్ళు తక్కువగా ఉన్నారు. ఫిజిక్స్ అలాంటిదే, తత్వశాస్త్రమూ అలాంటిదే. మీ అన్నయ్య పట్టికలో పైన ఉన్నవి ఇవే కావడం గమనించారా? 2017లో అదే వరసలో ఇంకో పరిశోధన వచ్చింది. అయిదేళ్ళ ఆడపిల్లలను "వీళ్ళలో చాలా చాలా తెలివైనవాళ్ళు ఎవరు" అని బొమ్మలు చూపించి అడిగితే, మగపిల్లల్లాగే వాళ్ళూ తమవాళ్ళనే చూపిస్తారు. ఆరేళ్ళు వచ్చేసరికి అలా చూపించడం తగ్గుతుంది. "చాలా చాలా తెలివైన పిల్లల కోసం" అని చెప్పిన ఆట మీద ఆసక్తి కూడా తగ్గుతుంది. మీరు పాఠం చెప్పాలనుకుంటున్న వయసు సరిగ్గా అదే. అన్నయ్య మాట మీ మీద ఎలా పనిచేస్తోందో మీకే తెలుసు, ఆరేళ్ళ పిల్ల మీద ఎలా పనిచేస్తుందో ఊహించుకోండి.

పుట్టుకతో వచ్చిన బుర్రను పరీక్షతో ముందే పసిగట్టవచ్చని నమ్మినవాళ్ళలో లూయిస్ టెర్మన్ పేరు పెద్దది. 1921లో ఆయన కాలిఫోర్నియాలో వేల మంది పిల్లల్లోంచి ఐక్యూ అత్యధికంగా ఉన్న 1,500 మందికి పైగా ఎంచి, జీవితాంతం గమనించే పని మొదలుపెట్టాడు. అప్పట్లో పరీక్ష రాసి గీత దాటలేక ఆగిపోయినవాళ్ళలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ అనే ఇద్దరు అబ్బాయిలు ఉన్నారు. షాక్లీకి 1956లో నోబెల్ వచ్చింది, అల్వారెజ్‌కు 1968లో. ఇద్దరికీ ఫిజిక్స్‌లోనే. టెర్మన్ ఎంచుకున్నవాళ్ళు మొత్తం మీద బాగానే స్థిరపడ్డారు, కానీ నోబెల్ ఒక్కరికీ రాలేదు. ఈ కథ అన్నయ్యకు చెప్పండి, నచ్చుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న, నాలుగేళ్ళలో తెలివి మొద్దుబారుతుందా అన్నది. దీనికి జవాబు తేలిక. చదువు ఐక్యూ స్కోరును తగ్గించదు, పెంచుతుంది. రిచీ, టకర్-డ్రాబ్ 2018లో 6 లక్షల మందికి పైగా సమాచారాన్ని ఒకచోట చేర్చి, అదనంగా చదివిన ఒక్కో సంవత్సరానికి ఐక్యూ 1 నుంచి 5 పాయింట్లు పెరుగుతుందని లెక్కవేశారు. నార్వేలో నిర్బంధ విద్యను ఏడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళకు పెంచినప్పుడు ఒక్కో ప్రాంతంలో ఒక్కో ఏడు అమలు చేశారు. దాంతో పరిశోధకులకు మంచి పోలిక దొరికింది. అక్కడ అదనపు ఏడాదికి 3.7 పాయింట్ల పెరుగుదల కనిపించింది.

కానీ ఏ సబ్జెక్టు చదివినా ఒకే రకంగా పెరుగుతుందా? ఇక్కడే అసలు విషయం ఆసక్తికరంగా ఉంటుంది. డారిన్ లేమన్, రిచర్డ్ నిస్‌బెట్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులను డిగ్రీ మొదట్లో ఒకసారి, నాలుగో ఏట మళ్ళీ ఒకసారి పరీక్షించి 1990లో ఫలితాలు ప్రచురించారు. మనస్తత్వ శాస్త్రం, సామాజిక శాస్త్రాలు చదివినవాళ్ళకు గణాంకాలతో ఆలోచించే శక్తి, ఒక పరిశోధనలోని లోపం పట్టుకునే శక్తి బాగా పెరిగాయి. విజ్ఞానశాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు చదివినవాళ్ళకు "ఇది అయితే అది" తరహా తర్కం పెరిగింది. అంతకు రెండేళ్ళ ముందు పీజీ స్థాయిలో చేసిన పరిశీలనలో వైద్యం, మనస్తత్వ శాస్త్రం వాళ్ళు గణాంక తర్కంలో ముందుకు వెళ్ళారు. కెమిస్ట్రీ వాళ్ళలో ఆ మార్పు కనిపించలేదు. కెమిస్ట్రీ తక్కువదని కాదు, అది సాధన చేయించేది వేరే.

గణాంక తర్కం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూడండి. మీ తరగతిలో మొదటి పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన అయిదుగురు పిల్లలను మీరు మెచ్చుకున్నారు. అందరికన్నా తక్కువ వచ్చిన అయిదుగురిని కేకలేశారు. రెండో పరీక్షలో మెచ్చుకున్నవాళ్ళ సగటు కాస్త తగ్గింది, తిట్లు తిన్నవాళ్ళ సగటు కాస్త పెరిగింది. మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారనీ, తిడితే బాగుపడతారనీ తేల్చవచ్చా? తేల్చకూడదు. మొదటి పరీక్షలో బాగా పైకి వెళ్ళినవాళ్ళలో కొందరికి ఆ రోజు అన్నీ కలిసొచ్చాయి, బాగా కిందికి దిగినవాళ్ళలో కొందరికి ఆ రోజు బాగాలేదు. మీరు నోరు మెదపకపోయినా రెండో పరీక్షలో రెండు గుంపులూ మధ్యకు జరిగేవి. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరు టీచర్లు తిట్లనే నమ్ముకున్నారో! ఇది తట్టడానికి పుట్టుకతో వచ్చిన బుర్ర అక్కర్లేదు, ఒక మంచి గణాంక కోర్సు చాలు. 79వ పర్సెంటైల్ ధారాళంగా సరిపోతుంది.

తత్వశాస్త్రం వాళ్ళ గొప్ప స్కోర్ల వెనకా ఇలాంటి కథే ఉంది. వాళ్ళు డిగ్రీలో చేరేటప్పటికే స్కోర్లలో ముందుంటారు. అయినా ఆ ముందస్తు తేడాను తీసివేసి చూసిన పెద్ద అధ్యయనం ఒకటి 2025లో వచ్చింది. భాష, తర్కం విషయంలో ఆ చదువు వల్ల కూడా కొంత లాభం మిగులుతోందని అందులో తేలింది. ఎంపికా ఉంది, సాధనా ఉంది. పట్టిక ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపి పారేసింది.

ఇప్పుడు మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. మీరు భయపడాల్సింది తోటివాళ్ళ తెలివి గురించి కాదు, కోర్సు బరువు గురించి. చాలాచోట్ల విద్యాశాస్త్ర విభాగాలు మార్కులు ఉదారంగా ఇస్తాయి. అమెరికా విశ్వవిద్యాలయాల మీద కోరీ కొడెల్ 2011లో చేసిన పరిశీలనలో, అక్కడ విద్యాశాస్త్రం తరగతుల్లో గ్రేడ్లు మిగతా విభాగాలకన్నా స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయని తేలింది. అందరికీ 'A' గ్రేడు వచ్చే చోట ఎవరూ మిమ్మల్ని సాగదీయరు. మీకు మీరే సాగాలి. కాబట్టి సబ్జెక్టు పేరు రాసి ఇచ్చేముందు మీ విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు మూడో ఏడు, నాలుగో ఏడు పాఠ్యప్రణాళిక తెప్పించుకుని చదవండి. మొదటి ఏడు చూస్తే ఏమీ తెలియదు, అన్ని సబ్జెక్టులూ మొదటి ఏడు సులువుగానే ఉంటాయి. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారు, అంకెల భావన ఎలా ఏర్పడుతుంది, పరీక్ష ప్రశ్న మంచిదో కాదో ఎలా తేల్చాలి లాంటివి అందులో గట్టిగా ఉన్నాయా? లేక వ్యాసాలు, చార్టులు, ప్రాజెక్టు ఫైళ్ళతో నింపేశారా? గట్టిగా ఉంటే నిశ్చింతగా చేరండి. పలచగా ఉంటే రెండు దారులున్నాయి. మనస్తత్వ శాస్త్రమో భాషాశాస్త్రమో ప్రధానంగా తీసుకుని, బోధన శిక్షణను పీజీలో చేయవచ్చు. లేదా విద్యాశాస్త్రమే తీసుకుని, పక్క సబ్జెక్టుగా గణితమో మనస్తత్వ శాస్త్రమో పెట్టుకుని, రెండు గణాంక కోర్సులు తప్పనిసరిగా చేర్చుకోవచ్చు. మీ అంకెలు చూస్తే నాకు రెండో దారే మీకు బాగా నప్పుతుందనిపిస్తోంది.

ఎకనామిక్స్ సంగతి మీ అన్నయ్య ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అది మీకు వస్తుంది, సందేహం లేదు. కానీ మీ ఉత్తరం మొత్తంలో ఎకనామిక్స్ అనే మాట మీ అన్నయ్య నోట ఒక్కసారే వచ్చింది, మీ నోట రాలేదు. ఇష్టం లేని సబ్జెక్టును పరువు కోసం తీసుకున్నవాళ్ళు రెండో ఏట మార్చుకోవడానికి దరఖాస్తు పట్టుకుని తిరుగుతుంటారు.

గడువు వచ్చే నెల అన్నారు. ఈ వారంలోనే మూడో ఏడు విద్యాశాస్త్రం తరగతికి అనుమతి తీసుకుని ఒకరోజు కూర్చోండి. పాఠం అయ్యాక బయటికి వచ్చేటప్పుడు మీకు వాదించాలనిపించిందా, నిద్ర వచ్చిందా అన్నది చూసుకోండి. వాదించాలనిపిస్తే ఆ దరఖాస్తు మరునాడే ఇచ్చేయవచ్చు. నిద్ర వస్తే పైన చెప్పిన మొదటి దారి గురించి మీ విభాగంలో ఎవరినైనా అడగండి. రెండింట్లో ఏది జరిగినా మళ్ళీ రాయండి, గణాంకాల కోర్సుల్లో ఏది ముందు తీసుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.